ఆమోదం పొందిన తప్పులు

ఇదంతా లాకప్ తలుపు తెరుచుకోకపోవడంతో మొదలైంది. నిజం లాకప్ కాదు, మా సెట్‌లోది. ప్లైవుడ్ గోడలు, ఇనుప రంగు పూసిన ప్లాస్టిక్ గొట్టాల ఊచలు. 'ఠాణా నంబరు తొమ్మిది' అనే నేరపరిశోధన సీరియల్‌కు నేను నాలుగేళ్ళుగా మాటలు రాస్తున్నాను. ఆ రోజు సీనులో కానిస్టేబుల్ వేషం వేసే పైడిరాజు లాకప్ తీసి హంతకుణ్ణి కోర్టుకు తీసుకువెళ్ళాలి. తాళంచెవి తిరగలేదు. అతను రెండు నిమిషాలు తంటాలు పడ్డాడు. లోపలున్న హంతకుడు జాలిపడి, ఊచల సందులోంచి చెయ్యి బయటపెట్టి గడియ తానే తీసి, "ఇలా పైకెత్తి లాగాలండీ" అని చూపించి, చెయ్యి లోపలికి తీసుకుని మళ్ళీ కోపంగా నిలబడ్డాడు.

ఎడిటింగ్ గదిలో ఎవరికో తోచి ఆ ముక్కను నెట్‌లో పెట్టారు. మూడు రోజుల్లో పదకొండు లక్షల మంది చూశారు. అదే వారం అసలు ఎపిసోడ్‌ను చూసినవాళ్ళు నలభై వేలు.

ఛానెల్‌లో మీటింగు పెట్టారు. నిశ్చల్ గారు మాట్లాడారు. ఆయనకు ముప్ఫై రెండేళ్ళు. ప్రేక్షక బంధ విభాగానికి అధిపతి. గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ, ప్రేక్షకుడు ఈ రోజుల్లో కథను చూడటం లేదనీ, కథ చెడిపోవడాన్ని చూస్తున్నాడనీ, ఆ అవసరాన్ని మనం అడ్రెస్ చెయ్యకపోతే పక్క ఛానెల్ వాళ్ళు చేస్తారనీ అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ సాయంత్రానికి 'తెర వెనుక విశేషాల విభాగం' పుట్టింది. మూడు కెమెరాలు, తొమ్మిది మంది మనుషులు, ఒక ఏసీ గది. సీరియల్‌కు ఉన్నవి రెండు కెమెరాలే.

మా పరిపాలనాధికారి పరాంకుశం గారు ప్రభుత్వంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరై మా దగ్గర చేరారు. ఏ సంగతైనా ఆయన చేతిలో పడితే ఉత్తర్వుగా మారిపోతుంది. మర్నాడే నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి ఎపిసోడునకు కనీసము మూడు తప్పులు సమర్పించవలెను. సదరు తప్పులు పూర్తిగా సహజముగా నుండవలెను. సహజత్వమును నిర్ధారించు నిమిత్తము వాటిని నలుబది ఎనిమిది గంటలు ముందుగా లిఖితపూర్వకముగా ప్రతిపాదించి ఆమోదము పొందవలెను. ఆమోదము లేని తప్పు చెల్లదు."

లిఖితపూర్వకంగా అన్నారు కనక ఆ పని రచయిత నెత్తిన పడింది. అప్పటిదాకా తప్పుల్లేని మాటలు రాయడానికి తంటాలు పడ్డ నేను ఇక తప్పులు రాయడానికి కూర్చున్నాను. ఎవరి నాలుక ఎక్కడ తడబడాలి, ఏ మాట దగ్గర నవ్వు ఆగకూడదు, ఏ లాఠీ ఎప్పుడు కింద పడాలి. తప్పు ప్రతిపాదన పత్రం అని నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. దానిమీద నా సంతకం, డైరెక్టరు సంతకం, పరాంకుశం గారి సంతకం ఉండాలి.

పైడిరాజు దశ తిరిగింది. విజయనగరం వైపు మనిషి. వేసిన ప్రతి వేషంలోనూ చీవాట్లు తిన్నవాడు. ఒక్క నెలలో అతనికి ఉత్తమ పొరపాటు కళాకారుడని షీల్డు ఇచ్చారు. అయితే కష్టం లేకపోలేదు. తనంతట తాను పడితే బ్రహ్మాండంగా పడేవాడు, ఫలానా చోట పడమంటే మాత్రం నిలబడిపోయేవాడు. కంగారులో సరైన డైలాగు సరిగ్గా చెప్పేసేవాడు. అప్పుడు డైరెక్టరు కట్ చెప్పి మళ్ళీ తీయించేవారు. తప్పు సరిగ్గా వచ్చేసరికి పది పన్నెండు టేకులు పట్టేది. "పొరపాట్న బాగా సెప్పీసినాను బాబూ, ఏటనుకోకండి" అని అతను అందరికీ క్షమాపణలు చెప్పుకునేవాడు.

చిక్కల్లా గరుడయ్య గారితో వచ్చింది.

బొద్దులూరి గరుడయ్య గారిది రేపల్లె. అరవై మూడేళ్ళు. ముప్ఫై ఏళ్ళు పద్యనాటకాలు ఆడి, ఆ రోజులు పోయాక టీవీకి వచ్చారు. ఊళ్ళో ఉత్సవాలకు మాత్రం ఇప్పటికీ స్టేజీ ఎక్కేవారు. మా సీరియల్‌లో సర్కిల్ ఇన్‌స్పెక్టరు ఆయనే. నేనిచ్చిన కాగితాలను ఇంటికి పట్టుకెళ్ళి, పొడవాటి నోటుపుస్తకంలో తన చేత్తో మళ్ళీ రాసుకుని, తన మాటలతో పాటు ఎదుటివాళ్ళ మాటలూ కంఠతా పట్టి వచ్చేవారు. విరామంలో కూడా పోలీసు టోపీని నేల మీదా కుర్చీ మీదా పెట్టేవారు కాదు. చేతిరుమాలు పరిచి దానిమీద పెట్టేవారు. నాలుగేళ్ళలో ఆయన వల్ల రెండో టేకు తీసిన రోజు నేను చూడలేదు.

రెండో నెలలో ఆయనకు తాఖీదు వచ్చింది. దాన్ని పట్టుకుని నా గదికి వచ్చారు.

"'మీ వైపు నుంచి ఇంతవరకు ఒక్క తప్పు కూడా దొర్లలేదని గమనించడమైనది. దీనికి వారం లోపల సంజాయిషీ ఇవ్వవలెను' అని రాశారబ్బాయ్," అన్నారు నిదానంగా. "టైపు కొట్టేవాళ్ళు తడబడినట్టున్నారు. ఏం తప్పు చేశానో కనుక్కుని చెప్పు. దిద్దుకుంటా."

టైపులో తప్పేమీ లేదు. ఇద్దరం కలిసి పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఫైలు తెరిచి ఒక పట్టిక చూపించారు. పైడిరాజు పేరుకెదురుగా నలభై ఒకటి. శవం వేషం వేసే కుర్రాడి పేరుకెదురుగా కూడా ఆరు. గరుడయ్య గారి పేరుకెదురుగా సున్నా. సంస్థ లక్ష్యాల పట్ల ఉదాసీనత అని దీన్నే అంటారని పరాంకుశం గారు ఎంతో మర్యాదగా వివరించారు. గరుడయ్య గారు ఆ సున్నాను చాలాసేపు చూసి, తనకు నేర్చుకోవడానికి కొంత వ్యవధి ఇప్పించమని అడిగారు. ఆయన పని పట్ల అంత భయభక్తులున్న మనిషి. చెయ్యను అనడం ఆయనకు తెలియదు.

ఆయనకు నేను తేలికైన తప్పు ఒకటి రాసిచ్చాను. "పోస్టుమార్టం రిపోర్టు వచ్చేదాకా ఎవరూ ఊరు దాటడానికి వీల్లేదు" అనేది డైలాగు. పోస్టుమార్టం అనబోయి పోస్టుమాస్టరు అనాలి, నాలుక కరుచుకోవాలి, నవ్వాలి. గరుడయ్య గారు రెండు రోజులు సాధన చేశారు. మూడో రోజు సెట్ మీదకు వచ్చి, నిందితులను ఒక్కొక్కరినే చూస్తూ, "పోస్టుమాస్టరు రిపోర్టు వచ్చేదాకా ఎవరూ ఊరు దాటడానికి వీల్లేదు" అన్నారు. ఆ గొంతుకు నిందితులు నిజంగానే తలలు దించుకున్నారు. నాలుక కరుచుకోవడం గరుడయ్య గారికి గుర్తులేదు, అది తప్పని డైరెక్టరుకు గుర్తులేదు. షాట్ ఓకే అయింది. ఎడిటింగ్‌లోనూ పట్టుకోలేదు. ప్రసారమైపోయింది.

ఎవరీ పోస్టుమాస్టరు అని ప్రేక్షకులు పట్టుకున్నారు. అసలు హంతకుడు అతనేనని కొందరు పందాలు కాశారు. నిశ్చల్ గారు సంతోషించి, ఆ బంధాన్ని తెంచకూడదన్నారు. నేను పోస్టుమాస్టరు పాత్రను రాయాల్సి వచ్చింది. నాలుగు వారాలు అతను సంచీ భుజాన వేసుకుని అనుమానాస్పదంగా తిరిగి, చివరికి ఆ ఊరికి బదిలీ మీద వచ్చిన మంచివాడని తేలాడు. నరసరావుపేట నుంచి రిటైరైన పోస్టుమాస్టరొకాయన, తమను అనుమానించడం మనసుకు కష్టం కలిగించిందని కార్డు రాశారు.

గరుడయ్య గారి ఖాతాలో మాత్రం తప్పు జమ కాలేదు. ఎవరూ నవ్వలేదు కనక అది తప్పు కిందకు రాదని తేల్చారు.

తర్వాత పూణే నుంచి ఒక శిక్షకురాలిని రప్పించారు. సహజంగా తప్పులు చేయడం మీద మూడు రోజుల తరగతులు. అందరినీ కళ్ళు మూసుకుని తమ జీవితంలో చేసిన పెద్ద తప్పును తలచుకోమన్నారామె. గరుడయ్య గారు అందరికంటే ఎక్కువసేపు మూసుకున్నారు. ఏం గుర్తొచ్చిందని అడిగితే, ఎనభై తొమ్మిదిలో బాపట్లలో ఒక పద్యంలో 'ళ' పలకాల్సిన చోట 'ల' పలికాననీ, మర్నాడే నిర్వాహకులకు ఉత్తరం రాసి మన్నించమన్నాననీ చెప్పారు. ఆమె తన పుస్తకంలో ఏదో రాసుకుని, ఈ కేసుకు మూడు రోజులు చాలవని చెప్పి వెళ్ళిపోయారు.

దసరా నాటికి పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా తప్పులు, నాలుగు నుంచి ఆరు దాకా కథ తీస్తున్నాం. రెండు వందల పన్నెండో ఎపిసోడ్‌లో హంతకుణ్ణి పట్టుకునే సీను తీయడానికి టైం లేక వదిలేశారు. ఆ హంతకుడు ఇప్పటికీ పరారీలోనే ఉన్నాడు. ఆ నటుడు వేరే ఛానెల్లో మామగారి వేషం వేసుకుంటున్నాడు. ప్రేక్షకుల్లో ఒక్కరూ అడగలేదు. ప్రసారంలో కథ పన్నెండు నిమిషాలు, తెర వెనుక విశేషాలు ముప్ఫై ఎనిమిది నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలు కూడా ఎందుకని ఎవరో అంటే పరాంకుశం గారు ఒప్పుకోలేదు. ఒప్పు లేనిదే తప్పును లెక్కించడం సాంకేతికంగా సాధ్యం కాదన్నారు. కనక కథను ముడిసరుకు పద్దు కింద కొనసాగించారు.

అప్పుడే గరుడయ్య గారికి ఆఖరి తాఖీదు వచ్చింది. పదిహేను రోజుల్లో నవ్వు తెప్పించే తప్పు ఒక్కటైనా సమర్పించకపోతే సర్కిల్ ఇన్‌స్పెక్టరుకు వీరమరణం, పైడిరాజుకు ప్రమోషను. ఆయన దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఆ రోజు సీను నోటుపుస్తకం తెరుచుకున్నారు.

పదకొండో రోజున జరిగింది ఆ సంగతి. సీను చిన్నదే. చనిపోయిన పిల్ల తండ్రితో ఇన్‌స్పెక్టరు మాట్లాడాలి. "మీ అమ్మాయి ఆ రోజు బస్సు దిగి..." అని గరుడయ్య గారు మొదలుపెట్టారు. అక్కడ ఆగిపోయారు. నటనేమో అనుకున్నాం. ఎదుటి నటుడు తల వంచుకుని ఎదురుచూశాడు. గరుడయ్య గారి కళ్ళు గోడ మీద దేన్నో వెతికాయి. పెదవులు ఒకసారి కదిలాయి, మాట రాలేదు. చెయ్యి బెల్టు దగ్గరికి వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో తెలియనట్టు అక్కడే ఆగింది. తర్వాత ఆయన, "బాబూ, ఆ పైన మాట ఏంది?" అని ఎవరినీ చూడకుండా అడిగారు.

నేను కాగితం చూసి చెప్పాను. ఆయన సీను పూర్తిచేశారు. టోపీ తీసి చేత్తోనే పట్టుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ రోజు విశేషాల విభాగం వాళ్ళ కెమెరా ఒకటి నడుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆయన మా ఇంటికి వచ్చారు. నాలుగేళ్ళలో ఎన్నడూ రాలేదు. మా ఆవిడ కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చున్నారు గానీ తాగలేదు.

"నిన్నటిది నేను చేసింది కాదబ్బాయ్. దానంతట అదే వచ్చింది," అన్నారు. "మా అన్నయ్యకి కూడా ఇట్టాగే మొదలైంది. ముందు మాటలు పోయినయ్. తర్వాత మనుషుల పేర్లు."

డాక్టరుకు చూపించుకుందామన్నాను. అది ఆయనకూ తెలుసు, చూపించుకుంటారట. వచ్చింది అందుకు కాదు.

"నిశ్చల్ బాబు రాత్రి ఫోను చేసి మెచ్చుకున్నాడు. ఈ వారం దాన్నే వేస్తాడంట. ఊళ్ళో నాటకాల వాళ్ళంతా చూస్తారు. అందరూ నవ్వుతారు, నవ్వితే నవ్వనీ. కానీ నాకు మాట నిలవట్లేదని తెలిస్తే ఇంక నన్ను స్టేజీ ఎక్కనివ్వరు. ఎక్కగలిగినన్నాళ్ళు ఎక్కుదామని ఉంది నాకు."

నేను ధైర్యవంతుణ్ణి కాను. నాలుగేళ్ళలో ఆ ఛానెల్లో ఎవరికీ ఎదురు చెప్పలేదు. తప్పులు రాయమన్నా రాశాను, పోస్టుమాస్టర్ని రాయమన్నా రాశాను. ఆయన్ని సాగనంపి మీటింగుకు వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో తోచలేదు.

నిశ్చల్ గారు ఆ ఇరవై ఆరు సెకన్లను పెద్ద తెర మీద వేసి చూపించారు. ఇంత ఆథెంటిక్ కంటెంట్ ఈ విభాగం పెట్టాక రాలేదన్నారు. వెనకాల ఢమఢమమని సంగీతం, గరుడయ్య గారి తల మీద తిరుగుతున్న ప్రశ్నార్థకం బొమ్మ వేస్తే చాలట. ఇకమీదట వారానికి ఒకటి చొప్పున ఆయన చేత ఇలాగే చేయించాలట. పరాంకుశం గారు పక్కన కూర్చుని ఫారాలు సర్దుకుంటున్నారు. ఆ ఫారాలను చూశాక నా నోటికి మాట దొరికింది.

"దీనికి ప్రతిపాదన పత్రం లేదండీ," అన్నాను.

పరాంకుశం గారు చేతిలో కాగితాలు ఆపి తలెత్తారు. "లేదా?"

"లేదండీ. ఇది నేను రాసిన తప్పు కాదు."

నిశ్చల్ గారు నవ్వి, రాసింది కాదు కనకనే గొప్పది, నిజంగా జరిగింది, మనకు కావలసింది అదే కదా అన్నారు. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నిజమే కావచ్చు గానీ ఆమోదం లేనిది అన్నారు. ఆమోదం లేని తప్పును ఒకసారి ప్రసారం చేస్తే రేపటి నుంచి ఎవరికి తోచిన తప్పు వాళ్ళు చేస్తారని, ఇక విభాగం ఉండి ఏం లాభమని అడిగారు. పాత తేదీ వేసి రచయిత చేత ఇప్పుడు సంతకం పెట్టిస్తే సరిపోతుందని నిశ్చల్ గారు ఫారం నా వైపు జరిపారు. నేను దాన్ని ఆయన వైపే వెనక్కి జరిపాను.

"రాయనిదాన్ని రాశానని సంతకం పెడితే తప్పవుతుందండీ," అన్నాను.

"అవుతుంది," అన్నారు పరాంకుశం గారు. "ఆ తప్పుకు కూడా ముందస్తు ఆమోదం ఉండాలి."

విషయం తేల్చడానికి సహజత్వ నిర్ధారణ సంఘం ఒకటి వేశారు. ఐదుగురు సభ్యులు పదకొండు రోజులు కూర్చున్నారు. ఆ ఇరవై ఆరు సెకన్లను ముందు నుంచీ వెనక నుంచీ వేసుకుని చూశారు. పోల్చడానికి పైడిరాజు బల్ల మీద నుంచి పడ్డ ముక్కను పక్కన పెట్టుకున్నారు. నివేదిక వచ్చింది. ఇందులో ఏ వస్తువూ కిందపడలేదు, నాలుక కరుచుకోవడం లేదు, తోటి నటుల నవ్వు లేదు, మనిషి ఊరికే నిలబడిపోయాడు, మాట మరిచిపోయినవాడు ఇలా ఉంటాడంటే ప్రేక్షకులు నమ్మరు. సహజత్వానికి నూటికి పద్దెనిమిది మార్కులు. దాని కింద పరాంకుశం గారి ఉత్తర్వు: "వాస్తవముగా జరిగిన తప్పులు ఈ విభాగపు పరిధిలోనికి రావు. సదరు దృశ్యమును చెరిపివేయవలెను."

నా ఎదురుగానే చెరిపేశారు. అదే కాగితంలో రెండో పేరాలో, గరుడయ్య గారి తప్పుల సంఖ్య ఇప్పటికీ సున్నాయే కనక వీరమరణం యథాతథం అని కూడా ఉంది. ఆయనకు ఫోను చేసి రెండూ చెప్పాను. మొదటిదానికి మంచిదన్నారు. రెండోదానికి, చచ్చిపోయే సీనులో మాటలెన్ని అని అడిగారు. కుదించమంటారా అన్నాను. వద్దన్నారు.

నేను పేజీన్నర రాశాను. ఆ సీనులో ఇన్‌స్పెక్టరు తుపాకి గుండు తగిలి రోడ్డు మీద పడి ఉంటాడు. కానిస్టేబుల్ స్ట్రెచర్ కోసం పరిగెత్తుతాడు. ఆ స్ట్రెచర్ మీదికి పైడిరాజే ఎక్కి పడుకుని, ఆస్పత్రి వాళ్ళు అతన్నే మోసుకుపోవడం ఆ రోజుకు ఆమోదం పొందిన తప్పు. అది సరిగ్గా రావాలని విశేషాల విభాగం మూడు కెమెరాలతో పాటు మాది కూడా ఒకటి అటే తీసుకుపోయారు. డైరెక్టరూ అటే వెళ్ళారు. గరుడయ్య గారి దగ్గర ఒక కెమెరా, దాని వెనక ఒక అసిస్టెంటు, కెమెరాకు అందనంత దూరంలో మోకాళ్ళ మీద నేను. నా చేతిలో కాగితం. అలా కూర్చోమని ఆయన అడగలేదు. కూర్చుంటానని నేనూ చెప్పలేదు.

పడుకున్న చోటి నుంచే ఆయన మొదలుపెట్టారు. ఇన్నేళ్ళలో పట్టుకోలేకపోయిన దొంగల గురించి, తన మాట నమ్మి ఎదురుచూసిన తల్లుల గురించి. నేను రాసిన మాటలే. నాకే కొత్తగా వినిపించాయి. పేజీ తిరగేసిన చోట ఆయన ఆగారు. కళ్ళు తిప్పి నా వైపు చూశారు. "తెల్లవారేసరికి" అన్నాను, పెదవులు కదిలీ కదలకుండా. ఆయన కళ్ళు మళ్ళీ ఆకాశంలోకి వెళ్ళాయి. "తెల్లవారేసరికి స్టేషన్ మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వాళ్ళను లేపకండి, టీ ఇప్పించండి," అని మిగతాదంతా ఒక్క అక్షరం జారకుండా చెప్పి, కళ్ళు మూశారు.

అసిస్టెంటు కెమెరా వెనక నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. కట్ చెప్పడానికి ఎవరూ లేరు. కాసేపు చూసి నేనే వెళ్ళి భుజం తట్టి, అయిపోయిందండీ అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు. "సరిగ్గానే వచ్చిందా అబ్బాయ్?"

"వచ్చిందండీ."

చెయ్యి అందిస్తే పట్టుకుని లేచారు. యూనిఫారం మీది దుమ్ము దులుపుకుంటుండగా స్ట్రెచర్ వైపు నుంచి అందరూ ఒక్కసారిగా నవ్విన చప్పుడు వినిపించింది. తొమ్మిదో టేకు ఓకే అయినట్టుంది.